ముడుమాల్ ఒక్కటే పెట్టుకో

చిట్టీ,

మీ బడి పిల్లల్ని బస్సులో వేల ఏళ్ల కిందట మనుషులు పాతిన నిలువురాళ్లు చూపించడానికి తీసుకుపోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఈ రాళ్ల పిచ్చి మన ఇంట్లో నాతోనే ఆఖరనుకున్నా. నీకూ అంటిందని తెలిసి ఎంత మురిసిపోయానో! నువ్వు పంపిన కాగితం చూశాకే దడ మొదలైంది. పొద్దున నర్మెట్ట, మధ్యాహ్నం దామరవాయి, సాయంత్రం ముడుమాల్. సిద్దిపేట జిల్లా ఎక్కడ, ములుగు అడవులెక్కడ, నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డెక్కడ? మతి ఉండే రాశావా తల్లీ? పిల్లలకు రోజంతా ముందు సీటే కనిపిస్తుంది.

నీళ్లు, టోపీలు, మందులపెట్టె నీకు చెప్పక్కర్లేదు.

నేను సర్వీసులో ఉండగా ఒక పెద్దమనిషి మా టీచర్లందరినీ ఇట్లాగే తిప్పాడు. ముడుమాల్ చేరేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. దారి పొడుగునా ఒకటే మాట: అక్కడొక రాతిమీద చిన్న చిన్న గుంటలున్నాయి, అవి సప్తర్షి మండలమని పరిశోధకులు చెబుతున్నారు, చూసి తీరాలి అని. తీరా పోతే రాయి ఉంది, గుంటల్లేవు. ఉన్నాయిలే, ఎండ నిట్టనిలువుగా పడుతుంటే వాటిలో నీడ ఎక్కడిది? అంత పొడుగు నిలువురాళ్ల నీడలే మొదట్లోకి ముడుచుకుపోయాయి. బస్సేమో హారన్ కొడుతోంది. ఆయన ఆగలేక జేబులోంచి సుద్దముక్క తీసి, తడిమి తడిమి దొరికిన ప్రతి గుంటనూ తెల్లగా నింపేశాడు. అది చూసి ఇంకో ఇద్దరు గుంటకూ గుంటకూ మధ్య గీతలు కలిపారు. ఫొటో దిగారు. అందులో గుంట కానివి ఎన్నో, రాతి పెచ్చు ఊడినవి ఎన్నో దేవుడికే తెలియాలి. గొర్రెలు మేపుకునే ముసలాయన ఒకడు కాసేపు చూసి, "పొద్దు వాలినంక రాండ్రి సారూ, సున్నం లేకున్నా అగుపడతయ్" అని పోయాడు. బస్సులో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మీ మామయ్యను బతిమాలి సాయంత్రం పూట వెళ్లా. ఏటవాలు ఎండలో ఒక్కో గుంటకు ఒక పక్క నల్లటి అంచు కట్టింది. దాని కోసం గంటసేపు మోకాళ్ల మీద కూర్చున్నా. మీ మామయ్య విసుక్కున్నాడులే.

అందుకే ముడుమాల్ ఒక్కటే పెట్టుకో. చీకటితోనే బయలుదేరితే ఎండ ఏటవాలుగా ఉండగానే చేరతారు. సుద్దముక్కలు ఇంట్లో పెట్టి రా, నీవి కూడా! 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కిన చోటు అది. అంతకన్నా ముందు అక్కడివాళ్లకు గుడి. నిలురాళ్ల తిమ్మప్ప అని కొలుస్తారు, ఒక రాయిని ఎల్లమ్మ అంటారు. చెప్పులు విప్పించు. రాళ్లకు ఒరిగి సెల్ఫీలు వద్దు.

అక్కడ రాళ్లు గుండ్రంగా పేర్చిన వలయాలు కూడా ఉన్నాయి, వాటిని మాత్రం పిల్లలు తొక్కేస్తారు, చూసుకో. మోకాలెత్తు కూడా లేని గుండ్రాళ్లు గడ్డిలో సగం కూరుకుపోయి ఉంటాయి. ముందు దూరంగా నిలబెట్టి, చూపుతో గుండ్రంగా చుట్టి రమ్మను. లోపలుండేది సమాధి అని చెప్పు. ఇనుము వాడడం నేర్చినవాళ్లు తమవాళ్లను పూడ్చి, పక్కన కుండలు పెట్టిన చోటు. నర్మెట్ట కథ బస్సులో చెబితే చాలు: 2017 తవ్వకాల్లో సమాధి మూతరాయిని లేపడానికి క్రేన్ తెప్పించారు, 40 టన్నులకు పైమాటే. మరి ఆ రోజుల్లో ఎట్లా పెట్టారు అని అడిగి ఊరుకో.

రాళ్ల మొదళ్లలో గడ్డి ఉన్నచోట చెయ్యి పెట్టనివ్వకు. పాములంటే నాకు భయమని నవ్వుతావు, నవ్వు. బస్సు కదిలేముందు తలలు నువ్వే లెక్కపెట్టు, ఇంకొకరికి అప్పగించకు.

చీకటి పడేలోపు తిరిగి రావాలి. డ్రైవరుకు ముందు రోజు రాత్రి డ్యూటీ ఉందేమో కనుక్కో. ఉంటే మొహమాటపడకుండా మార్చమను. అతని నంబరు నాకు పంపు. నీకు ఫోన్ చేస్తే ఎత్తవు కదా.

మీ అత్త