థీమ్ పార్కు రాత్రి షో: వీల్‌చైర్‌లో ఉన్న నాన్నగారితో ఎన్నింటికి చేరుకోవాలి?

నాన్నగారు వీల్‌చైర్‌లో ఉంటారు, మొత్తం ఆరుగురం, రాత్రి షోకి ఎంత ముందు వెళ్తే చోటు దొరుకుతుంది, అందరినీ ఒక్కచోటే కూర్చోనిస్తారా అని అడిగారు. మేము మా అమ్మను తీసుకుని ఒకే షోకి వరసగా రెండు రాత్రులు వెళ్ళాం. మొదటి రాత్రి నా తెలివితక్కువతనం వల్ల చెడింది, రెండో రాత్రి హాయిగా చూశాం, అందుకే రెండూ చెప్తాను.

మొదటి రోజు షో ఎనిమిదిన్నరకి, మేము వెళ్ళేసరికి ఎనిమిది దాటింది. లోపల సగం బెంచీలు ఖాళీగా ఉన్నాయి కదా, ఇంకేం టెన్షన్ అనుకున్నాను. తీరా చూస్తే ఖాళీగా ఉన్నవన్నీ మెట్లు దిగి వెళ్ళాల్సిన బెంచీలు, వీల్‌చైర్ల వరస మాత్రం ఎప్పుడో నిండిపోయింది. గేటు దగ్గరున్న అమ్మాయి, కుర్చీ పక్కన పెట్టి బెంచీ మీదికి మారగలరా అని మర్యాదగానే అడిగింది. అమ్మ నాలుగు మెట్లు కూడా దిగలేదు. చివరికి వెనకాల నిలబడి చూసేవాళ్ళ మధ్య ఎలాగో దూరాం. షో మొదలవగానే ముందున్నవాళ్ళు పిల్లల్ని భుజాల మీదికి ఎక్కించుకున్నారు, ఫోన్లు పైకెత్తారు, ఇక అరగంట సేపు అమ్మ చూసింది జనాల వీపులే. మధ్యలో నేను వంగి చూస్తే, "పైన వెలుగు కనిపిస్తోందిలే" అంది.

చోటు అంత త్వరగా ఎందుకు నిండుతుందో తర్వాత లెక్క చూస్తే అర్థమైంది. అమెరికాలో వికలాంగుల సౌకర్యం కోసం పెట్టిన 2010 యాక్సెసిబిలిటీ ప్రమాణాల ప్రకారం 5000 సీట్లున్న ఆరుబయలు థియేటర్‌లో కనీసం 36 వీల్‌చైర్ చోట్లు ఉంటే చాలు. ఇంతకంటే ఎక్కువ పెట్టినచోట్లు ఉండొచ్చు, కానీ థీమ్ పార్కుల్లో వీల్‌చైర్లు, అద్దె స్కూటర్లు ఎన్ని తిరుగుతాయో మీరే చూస్తారు. అంటే అయిదు వేల సీట్ల కోసం జరిగే పోటీ వేరు, ఈ ముప్పయ్యారు చోట్ల కోసం జరిగే పోటీ వేరు. మామూలు ప్రేక్షకులకు "అరగంట ముందొస్తే సరిపోతుంది" అని చెప్పే సలహా మీకు పనికిరాదు.

అందుకే పార్కులోకి అడుగుపెట్టగానే, పొద్దున్నే, గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో మూడు ప్రశ్నలు అడిగేయండి. వీల్‌చైర్ వాళ్ళు వెళ్ళే గేటు ఏది (చాలాచోట్ల అది పెద్ద క్యూ ఉన్న గేటు కాదు), దాన్ని ఎన్నింటికి తెరుస్తారు, ఆ చోట్లు మామూలుగా ఎన్నింటికి నిండుతాయి. మూడోది ఎవరూ అడగరు, అసలు కావాల్సింది అదే. మాకు చెప్పిన జవాబు, షోకి యాభై నిమిషాల ముందే అయిపోతాయని. రెండో రోజు గంటా పది నిమిషాల ముందు వెళ్ళాం, నాలుగైదు చోట్లు మిగిలున్నాయి. ఏమీ తెలుసుకోలేకపోతే ఆరుబయలు పెద్ద షోకి గంట నుంచి గంటంపావు ముందు అనుకోండి. ఒకే రాత్రి రెండు ఆటలుంటే రెండోదానికి వెళ్ళండి, చిన్నపిల్లల కుటుంబాలు చాలావరకు మొదటిదానికే పోతాయి.

రెండు గంటల ముందే వెళ్ళి కూర్చుంటే ఇంకా మంచిది కదా అంటారేమో, నేను ఒప్పుకోను. మనం లేచి అటూ ఇటూ తిరుగుతాం, ఆయన తిరగలేరు. పొద్దున్నుంచీ అదే కుర్చీలో ఉన్న మనిషిని ఇంకో రెండు గంటలు కదలకుండా కూర్చోబెడితే నడుము, పిరుదులు ఓర్చుకోవు, ఒత్తిడి పుండ్ల భయం ఉన్నవాళ్ళకైతే మరీ ప్రమాదం. పావుగంటకో అరగంటకో ఒకసారి బరువు మార్చి కూర్చోబెట్టాలి. సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో ఎక్కడైనా నీడలో కాసేపు పడుకోబెట్టగలిగితే రాత్రి షో సుఖంగా గడుస్తుంది. వీల్‌చైర్ పట్టే బాత్రూం ఎక్కడుందో ముందే చూసి, గేటులోకి వెళ్ళేముందే పని కానిచ్చేయండి. ఒకసారి చోటు వదిలి బయటికొస్తే అది మళ్ళీ మీదే అన్న గ్యారంటీ లేదు.

ముందు మీరు వెళ్ళి చోటు పట్టేసి, నాన్నగారిని తర్వాత తీసుకురావడం కుదరదు. వీల్‌చైర్‌లో ఉన్న మనిషి రానిదే ఆ వరసలోకి పంపరు, అది న్యాయమే కూడా.

ఇక ఆరుగురు. చాలాచోట్ల వీల్‌చైర్ చోటుకు కనీసం ఒక తోడు సీటు ఖాయం, ఆపైన ఎంతమంది అన్నది పార్కును బట్టి, ఆ రాత్రి రద్దీని బట్టి. గొడవ పడకండి. ఇద్దరు ఆయన పక్కన, మిగతా ముగ్గురు ఎదురుగా కింది వరసల్లో కూర్చుంటే చాలు, షో చీకట్లో ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ కనపడదు. కానీ అయ్యాక ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, ఆ రద్దీలో ఫోన్ మోగినా వినపడదు.

ఒక చిన్న విషయం, నాకు ఎవరూ చెప్పనిది. రెండో రోజు మంచి చోటే ఇచ్చారు, నిలబడి చూస్తే నీళ్ళూ తెరలూ స్టేజీ అంతా దర్జాగా కనిపించింది. అమ్మ ఏమీ అనలేదు కానీ మెడ సాగదీస్తోంది. ఎందుకా అని పక్కన గొంతుక్కూర్చుని చూశాను, సరిగ్గా ఆమె కళ్ళ ఎత్తులో ముందున్న ఇనుప రెయిలింగ్ పైకడ్డీ తెరను రెండు ముక్కలు చేస్తోంది. నాలుగు అడుగులు పక్కకు జరిపి, కుర్చీ కొంచెం వెనక్కి తీస్తే సరిపోయింది. కాబట్టి బ్రేకు వేసేముందు మీరు కింద కూర్చుని ఆయన కళ్ళతో ఒకసారి చూడండి. వెనక వరస ఇచ్చారని బాధపడకండి. కొండవాలులా కట్టిన థియేటర్లలో దారి పైనుంచే వస్తుంది కనుక వీల్‌చైర్ల వరస చాలాసార్లు పైనే ఉంటుంది, అక్కడి నుంచి మొత్తం కనిపిస్తుంది, బయటపడడమూ తేలిక. నీటి తెరల మీద బొమ్మలు వేసే షోలలో, ఫ్లోరిడా డిస్నీ హాలీవుడ్ స్టూడియోస్‌లోని ఫాంటాస్మిక్ లాంటివాటిలో, గాలి ఇటు తిరిగితే ముందు వరసలు తడుస్తాయి. తడిసిన కుషన్ మీద రాత్రంతా కూర్చోవడం ఎలా ఉంటుందో ఆలోచించుకోండి. పెద్ద ప్లాస్టిక్ కవర్ ఒకటి బ్యాగులో పడేసుకోండి.

సీట్లు లేని బాణసంచా షో అయితే కష్టం ఇంకా ఎక్కువ. వీల్‌చైర్ల కోసం తాడు కట్టిన చోటుంటే అక్కడికే వెళ్ళండి. లేకపోతే ఎవరూ ముందుకొచ్చి నిలబడలేని చోటు వెతకండి: నీటి ఒడ్డు రెయిలింగ్, పూలమొక్కల గట్టు, అలాంటివి.

అయిపోయాక లేవకండి. జనం అంతా ఒక్కసారిగా ర్యాంప్ మీదికి వస్తారు, ఏటవాలులో వెనకనుంచి తోసుకొస్తుంటే కుర్చీని ఆపడం మామూలు విషయం కాదు. బ్రేకు వేసి ఇరవై నిమిషాలు అక్కడే ఉండండి. మేమలాగే కూర్చున్నాం, ఖాళీ అయిన బెంచీల మధ్య ఊడ్చేవాళ్ళు వచ్చేదాకా అమ్మ ఆ నీళ్ళలోంచి అంత మంట ఎలా లేచిందో మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంది.