పాత పిస్టన్లే వేస్తే 9,000 మిగులుతాయా?

ప్రశ్న: నాది 2015 మోడల్ టాటా ఏస్. తెనాలి నుంచి విజయవాడకు నిమ్మకాయలు, కిరాయి దొరికితే వేరే సరుకు తోలుతుంటాను. 2 లక్షల 80 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ తాగుతోంది, లోడు మీద నీలం పొగ వస్తోంది. ఆటోనగర్ మెకానిక్ ఇంజిన్ బోరుకొచ్చిందన్నాడు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ (బోరు) అరిగిందట. బోరింగ్ చేయించి (అరిగిన గోడను చెక్కి బోరు కాస్త పెద్దది చేయించి) కొత్త పిస్టన్లు వేస్తే 46,000, పాత పిస్టన్లే శుభ్రం చేసి రింగులు మారిస్తే 37,000 అవుతుందట. రెండింట్లోనూ లేబర్ 12,000. గ్యాస్కెట్లు, ఆయిల్, ఫిల్టర్లకు 7,000. డీజిల్ పోను నాకు రోజుకు 1,400 మిగులుతుంది. బ్యాంకులో 30,000 ఉన్నాయి, ఇంట్లో కొంచెం బంగారం ఉంది. డైలీ ఫైనాన్స్ వాళ్లు కూడా ఇస్తామంటున్నారు. పనిలో పనిగా 8,000 పెట్టి పెయింటు వేయిద్దామనుకుంటున్నా. బండిని ఇంకో మూడేళ్లు నడపాలి. పాత పిస్టన్లతో సరిపెట్టుకోవచ్చా?

జవాబు: ఇంజిన్ విప్పకముందే ఈ ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పినా అది ఊహే. మెకానిక్ చెప్పిన రెండు రేట్లూ అనుభవంతో వేసిన అంచనాలు. అందులో మోసమేమీ లేదు. కానీ 9,000 మిగులుతుందా లేదా అన్నది తేల్చేది కొలతలు. కాబట్టి ముందు కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూసే పరీక్ష చేయించండి. నీలం పొగ రింగుల నుంచే రావాలని లేదు, వాల్వ్ గైడ్లు, సీళ్లు అరిగినా వస్తుంది. తప్పు వాల్వులుండే పై భాగం, అంటే హెడ్‌లోనే ఉందని తేలితే పిస్టన్లు, బోరు ఉండే కింది భాగం జోలికి వెళ్లే పనే ఉండదు.

కింది భాగమే పోయిందని తేలితే, లేత్ వర్క్‌షాప్‌లో బోర్ గేజ్ పెట్టి బోరు కొలిపించండి. పైన ఎక్కువ, కింద తక్కువ అరిగిందా, గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారానికి తిరిగిందా అన్నది అక్కడ తెలుస్తుంది. అరుగుదల కంపెనీ లిమిట్ దాటితే బోరింగ్ తప్పదు. అప్పుడు మీ ప్రశ్నే మిగలదు. బోరు 0.25 లేదా 0.50 మిల్లీమీటర్లు పెరిగాక పాత పిస్టన్ అందులో వదులుగా కొట్టుకుంటుంది, ఆ కొలతకు సరిపోయే పెద్ద (ఓవర్‌సైజ్) పిస్టన్లే కొనాలి. "బోరింగ్ చేసి పాత పిస్టన్లే వేస్తా" అని ఎవరైనా అంటే ఆ షెడ్డులో బండి పెట్టకండి.

బోరు లిమిట్‌లోనే ఉంటే హానింగ్ (బోరు గోడను సన్నగా రుద్దడం) చేసి పాత పిస్టన్లు వేయడం తప్పు పని కాదు, మంచి మెకానిక్‌లు చేసేదే. కాకపోతే పిస్టన్ పరీక్ష నెగ్గాలి. అందులో ముఖ్యమైనది పై రింగు గాడి. మంట, ఒత్తిడి ఎక్కువగా తగిలేది అక్కడే. గాడి వెడల్పయితే కొత్త రింగు అందులో పైకీ కిందికీ ఆడుతుంది, కొన్నాళ్లకు విరుగుతుంది కూడా. అందుకే కొత్త రింగును గాడిలో పెట్టి పక్క సందును ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులతో) చూడాలి. చాలా డీజిల్ పిస్టన్లకు పై గాడి దగ్గర ఇనుప కట్టు పోసి ఉంటుంది కాబట్టి ఇన్ని కిలోమీటర్ల తర్వాత కూడా గాడి బాగుండే అవకాశం లేకపోలేదు. ఆ తర్వాత పిస్టన్ కింది అంచు దగ్గర, గజన్ పిన్నుకు (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్ను) అడ్డదిశలో మైక్రోమీటర్‌తో కొలవాలి. పిన్ను రంధ్రం వదులైనా, తల మీద పగులు కనిపించినా, పక్కల లోతైన గీతలున్నా ఆ పిస్టన్‌ను పక్కన పడేయాల్సిందే. బొగ్గు గీకేటప్పుడు గాడిని కూడా గీకేసే కుర్రాళ్లుంటారు, దగ్గరుండి చూసుకోండి. ఏ సిలిండర్ పిస్టన్ ఆ సిలిండర్‌లోకే, ముందున్న వైపు ముందుకే ఉండేలా వెళ్లాలి.

ఇక డబ్బు లెక్క. మీ అంచనాలో పిస్టన్, బోరింగ్ ఖర్చు 9,000 మాత్రమే. మిగతా 37,000 ఎలాగూ పెడుతున్నారు. కొలవకుండా పాతవి వేశారు, ఏడాది తిరక్కుండానే మళ్లీ పొగ మొదలైంది అనుకుందాం. లేబర్ 12,000 మళ్లీ ఇవ్వాలి, గ్యాస్కెట్లు, ఆయిల్ 7,000 మళ్లీ కొనాలి. బండి 6 రోజులు షెడ్డులో ఉంటే 8,400 ఆదాయం పోతుంది. తప్పించుకున్న 9,000 ఇప్పుడు కట్టాలి. మొత్తం 36,400, అంటే మిగిల్చిన దానికి నాలుగింతలు. ఇలా పాత పిస్టన్లు వేయించుకున్న నలుగురిలో ఒక్కరు మళ్లీ ఇంజిన్ విప్పాల్సి వచ్చినా, నలుగురికీ కలిపి మిగిలింది సున్నా. కొలతల్లో అన్నీ నెగ్గితే ఆ 9,000 ధైర్యంగా మిగుల్చుకోండి. ఒక్కటి అటూ ఇటూగా ఉన్నా కొత్తవే వేయించండి. 46,000ను మూడేళ్లకు పంచితే నెలకు 1,280 రూపాయలు పడుతుంది, అది మీ ఒక్క రోజు సంపాదన కూడా కాదు.

బీమా మీద ఆశ పెట్టుకోకండి. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా అరుగుదలకు క్లెయిమ్ రాదు. ఎస్టిమేట్‌లో మాత్రం ఒకటి చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. పాత రేటు ప్రకారం రాశారేమో అడగండి. పక్కా బిల్లు తీసుకుంటే పిస్టన్ కిట్ నకిలీదని తేలినప్పుడు నిలదీయడానికి చేతిలో కాగితమైనా ఉంటుంది.

డబ్బు సర్దుబాటుకు వద్దే వద్దనేది డైలీ ఫైనాన్స్. చేతికి 9,000 ఇచ్చి రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసే పద్ధతే చూడండి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తరిగిపోతుంటుంది కాబట్టి ఏడాది లెక్కన వడ్డీ 75 శాతం పైమాటే. బ్యాంకులో ఉన్న 30,000 కూడా ఊడ్చేయొద్దు. బండి ఆగిన రోజుల్లో ఇల్లు గడవాలి. పైగా మీ బండికి ఎనిమిదేళ్లు దాటాయి కాబట్టి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. 20,000 అక్కడి నుంచి తీయండి, మిగతా 26,000కు బ్యాంకులో బంగారం కుదవపెట్టండి. నూటికి రూపాయి వడ్డీ లెక్కేసినా ఆరు నెలలకు 1,560 అవుతుంది. నెలకు 26 రోజులు బండి తిరిగితే, రోజుకు 180 చొప్పున పక్కన పెట్టండి, ఆరు నెలల్లో అసలూ వడ్డీ తీరిపోతాయి. ముద్ర రుణంలో శిశు విభాగం కింద 50,000 వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. అడిగి చూడొచ్చు కానీ, మంజూరయ్యే దాకా బండిని షెడ్డులో ఉంచితే రోజుకు 1,400 పోతుంది.

పెయింటు 8,000 ఇప్పుడు వద్దు. ఫిట్‌నెస్ తేదీ దగ్గర పడ్డాక చూద్దాం. అందులో 3,000 మాత్రం విడిగా ఉంచండి, ఎస్టిమేట్‌లో రాయని ఖర్చుంది. ఇంజిన్ చేయించాక మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడే వేయాలి, ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చేయాలి. ఆ సగం లోడు రోజుల్లో కిరాయి తగ్గుతుంది. వేసవిలో నిమ్మకాయల గిరాకీ మొదలయ్యాక షెడ్డుకు వెళ్తే ఈ నష్టం మరింత ఎక్కువ కాబట్టి, ఆ లోపే పని ముగించుకోండి.