దేశ రాజకీయాల మీద నమ్మకం పోతే విదేశాలకు వెళ్లిపోవాలా?

దేశం వెళ్తున్న దారి నచ్చక బయట స్థిరపడదామా అని అడిగారు. మీ ప్రాణానికో స్వేచ్ఛకో నేరుగా ముప్పుంటే వెళ్లండి, అందులో తప్పేమీ లేదు. ఎన్నికల ఫలితాలు చూసి వచ్చిన నిరాశే కారణమైతే మాత్రం కాస్త ఆగమంటాను.

రాజకీయం అక్కడా మారుతుంది, అప్పుడు మీ చేతిలో ఓటుండదు. అమెరికానే చూడండి. 2025 సెప్టెంబరులో ఒక్క ప్రకటనతో, ఆ దేశం బయట ఉన్నవాళ్ల కొత్త హెచ్‌-1బీ (ఉద్యోగ వీసా) దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. ఎన్ని తెలుగు ఇళ్లలో టెన్షన్ పడ్డారో! ఆ వీసా మీద ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజులే గడువు. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో మనవాళ్ల ఎదురుచూపు ఏళ్లకు ఏళ్లు సాగుతోంది.

పైగా మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. అక్కడి పౌరులైతే ఇక్కడి ఓటు పోతుంది. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డుతో రావచ్చు, ఉండవచ్చు, కానీ సాగుభూమి కొనలేరు. భారత పౌరులుగా ఉన్నంతకాలం విదేశాల్లో ఉన్నా ఫారం 6ఏతో ఓటరుగా నమోదు కావచ్చు, కాకపోతే పోలింగ్ రోజున స్వయంగా ఊరికి రావాలి.

మంచి చదువో, ఉద్యోగమో దొరికి వెళ్తానంటే నా సలహా వేరుగా ఉండేది. కోపంతోనే అయితే, ముందు ఒక ఏడాది మీ గ్రామసభకో వార్డు సమావేశానికో వెళ్లి మాట్లాడి చూడండి.