ఇన్‌క్రెడిబుల్స్ 2 పిల్లలకు చూపించొచ్చా? రివ్యూల్లో తలో మాట అంటున్నారు

ఇన్‌క్రెడిబుల్స్ 2 ఒక సూపర్‌హీరో కుటుంబం కథ చెప్పే డిస్నీ యానిమేషన్ సినిమా, 2004లో వచ్చిన మొదటి భాగానికి కొనసాగింపు. దీని గురించి మీరు అడిగినవి మూడు. ఆరేళ్ల పాపకు, పదకొండేళ్ల బాబుకు ఈ సినిమా చూపించొచ్చా? ఒకరు బ్రహ్మాండం అంటే ఇంకొకరు మొదటి భాగం ముందు దిగదుడుపే అంటున్నారు, ఎవరి మాట నమ్మాలి? బాబుకు ఒకసారి ఫిట్స్ వచ్చాయి, సినిమాలో లైట్లు కొడతాయని ఎవరో రాశారు, నిజమేనా? చివరిదానితో మొదలుపెడతాను. మిగతా రెండూ ఇష్టాయిష్టాల గొడవ.

లైట్ల మాట నిజమే. 2018 జూన్ 15న అమెరికాలో విడుదలైన వెంటనే ఈ ఫిర్యాదు ముందుగా ప్రేక్షకుల నుంచే వచ్చింది. దాంతో థియేటర్లలో హెచ్చరిక నోటీసులు పెట్టమని డిస్నీ కోరింది, అక్కడి ఎపిలెప్సీ (మూర్ఛ, అంటే ఫిట్స్ జబ్బు) ఫౌండేషన్ కూడా జాగ్రత్త చెప్పింది. బ్రిటన్‌లో జులైలో విడుదలయ్యే నాటికి మెరుపులు తగ్గించి, మెరుపుల పరీక్షలో పాసైన ప్రింటు వేశారు. అంటే లండన్‌లో చూసినాయన "నాకేమీ అనిపించలేదు" అని రాస్తే ఆయన చూసింది వేరే ప్రింటు. ఏ రివ్యూ చదివినా ఎవరు, ఎక్కడ, ఏ తెర మీద చూశారన్నది ముందు చూడండి.

ఇబ్బంది ఎక్కడంటే, ఇందులో విలన్ స్క్రీన్‌స్లేవర్ తెరల మీద మెరుపులు చూపించి మనుషుల్ని వశం చేసుకుంటాడు. కాబట్టి మెరుపులు కథలోనే ఉన్నాయి, ఒకచోట తప్పించుకుంటే సరిపోదు. అన్నిటికంటే గట్టిది సినిమా సగానికి అటూ ఇటూ వస్తుంది. ఆ కుటుంబంలో అమ్మ ఎలాస్టిగర్ల్ విలన్ పంపే సిగ్నల్ జాడ పట్టుకుని మేడల మీదుగా వెళ్లి ఒక గదిలోకి అడుగుపెడుతుంది. అక్కడ తెలుపు, నలుపు టకటకా మారుతూ నిమిషానికి పైగా ఫైటు నడుస్తుంది. ఆవిడ మేడల మీద నుంచి దూకుతూ వెళ్తున్నప్పుడే రిమోట్ చేతిలోకి తీసుకోండి, గదిలోకి వెళ్లాక తీసుకుంటే ఆలస్యమే. దానికి ముందు టీవీ న్యూస్ యాంకర్ వశమయ్యే చోట, చివర్లో ఓడ మీద మనుషుల్ని వశం చేసుకునే కళ్లద్దాలు పెట్టించే ఘట్టాల్లో కూడా కొంత ఉంటుంది.

ఫిట్స్ ఉన్న అందరికీ మెరుపులు పడవని కాదు. ఎపిలెప్సీ ఉన్నవాళ్లలో సుమారు 3 శాతం మందికే ఈ రకం ఉంటుంది, అయితే పెద్దవాళ్లకంటే పిల్లల్లో, టీనేజర్లలో ఎక్కువ. సెకనుకు 5 నుంచి 30 సార్లు మెరిసే వెలుగు ప్రమాదం. చూపుకు సంబంధించిన నాడీకణాలన్నీ ఆ తాళానికి ఒకేసారి స్పందించడం మొదలుపెడతాయి, పడని మెదడులో అది అదుపు తప్పుతుంది. తెర చూపునంతా ఆక్రమిస్తే, చుట్టూ చీకటిగా ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే అదే సీను ఫోన్లో చూసినవాళ్లకి ఏమీ కాకపోవచ్చు, థియేటర్లో ముందు వరసలో కూర్చున్నవాళ్లు ఇబ్బంది పడొచ్చు. 1997 డిసెంబరులో జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం మెరుపులు చూసి దాదాపు 700 మందిని, ఎక్కువగా పిల్లల్నే, ఆసుపత్రులకు తీసుకెళ్లారు. కార్టూనే కదా అని తీసిపారేయకండి.

బాబు విషయంలో ముందు న్యూరాలజిస్టుని అడగండి. ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలు నమోదు చేసే పరీక్ష) తీసేటప్పుడు లైటు మెరిపించే పరీక్ష కూడా సాధారణంగా చేస్తారు, రిపోర్టులో ఆ సంగతి రాసి ఉంటుంది. అందులో తేడా ఉందని ఉంటే ఈ సినిమా వద్దు. డాక్టరు ఫర్వాలేదంటే ఇంట్లోనే చూపించండి. గదిలో లైటు వెలుగుతూ ఉండాలి, టీవీ బ్రైట్‌నెస్ తగ్గించాలి, కనీసం 8 అడుగుల దూరంలో కూర్చోబెట్టాలి. మీరొక్కరే ముందు చూసేసి ఆ సీన్లు ఏ నిమిషం దగ్గర వస్తాయో మీ కాపీ ప్రకారం కాగితం మీద రాసుకోండి. రాత్రి నిద్ర లేకుండా, సెలవుల్లో తెల్లవార్లూ మేలుకున్న పిల్లాడికి మాత్రం ఆ రోజు పెట్టొద్దు. నిద్ర చాలకపోతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది.

అనుకోకుండా మెరుపులు వచ్చేస్తే కళ్లు మూసుకోమంటాం, అది చాలదు. వెలుగు రెప్పల్లోంచి కూడా వెళ్తుంది. ఒక కంటిని అరచేత్తో పూర్తిగా మూసి, మొహం పక్కకు తిప్పుకోమని ముందే నేర్పండి. ఒకవేళ ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, గడియారం చూడండి. గట్టిగా పట్టుకోకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు. మన దగ్గర తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మామూలే కానీ వాటివల్ల ఫిట్స్ ఆగవు. మామూలుగా రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది, తాళంచెవులే ఆపాయని పేరు వాటికి వస్తుంది. 5 నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి వెంటనే ఇంకోటి వచ్చినా 108కి ఫోన్ చేయాలి.

ఇక ఎవరి మాట నమ్మాలన్నది. ఈ సినిమాకి సినిమాస్కోర్ ఏ ప్లస్ వచ్చింది. అది అమెరికాలో మొదటి రోజు థియేటర్ బయట ప్రేక్షకుల చేత కార్డు మీద వేయించే గ్రేడు. పద్నాలుగేళ్లు ఎదురుచూసి మొదటి రోజే వచ్చినవాళ్లు ఎవరు? మొదటి భాగం అభిమానులే. మొదటి వారాంతంలో 18 కోట్ల డాలర్లు దాటి వసూలైంది, అప్పటికి యానిమేషన్‌లో అదే రికార్డు. దీన్నిబట్టి అభిమానులు నిరాశపడలేదని తెలుస్తుంది, మీ పాప కుదురుగా కూర్చుంటుందా లేదా అన్నది తెలియదు. రివ్యూలను కలిపి చూపే రాటెన్ టొమాటోస్ సైటు ఇచ్చే శాతం కూడా ఎంతమందికి నచ్చిందో చెబుతుంది తప్ప ఎంత నచ్చిందో చెప్పదు.

అందుకని నక్షత్రాలు వదిలేసి ఫిర్యాదులు చదవండి. విలన్ ఎవరో ముందే తెలిసిపోయిందని పెద్దవాళ్లు గొణుగుతారు. నిజమే, సినిమాలు బాగా చూసేవాళ్లు పట్టేస్తారు, పదకొండేళ్లవాడికి మాత్రం అది షాకే. ఆ ఇంటి కొడుకు డ్యాష్‌కి పని లేకుండా చేశారన్నది మగపిల్లల ఫిర్యాదు, అదీ న్యాయమే. హెల్, డ్యామ్ లాంటి మాటలున్నాయని కొందరు అమెరికా తల్లిదండ్రులు కోప్పడ్డారు, మన తెలుగు కామెడీ ట్రాకులు వినే ఇళ్లలో అది లెక్కలోకి రాదు. చిన్నపిల్లలు విసుక్కునేది మాటలు ఎక్కువయ్యే చోట్ల. నిడివి 118 నిమిషాలు, మధ్యలో సూపర్‌హీరోలను నిషేధించిన చట్టం గురించి, ప్రచారం గురించి చర్చలు సాగుతాయి. వాటిని ఆరేళ్ల పాపకు దాటించేది బుజ్జిగాడు జాక్‌జాక్. పెరట్లో రకూన్ అనే చిన్న అడవి జంతువుతో వాడు చేసే ఫైటు దగ్గర పిల్లలు పడీ పడీ నవ్వుతారు. లెక్కల హోంవర్కు చేయించలేక నాన్న బాబ్ తలపట్టుకునే చోట నాన్నలు నవ్వుతారు, అమ్మలు ఇంకా గట్టిగా నవ్వుతారు. పాప కోసం భాష కూడా చూసుకోవాలి. హిందీ డబ్బింగ్‌లో ఎలాస్టిగర్ల్‌కి కాజోల్ గొంతు ఇచ్చింది. మీ దగ్గరున్న కాపీలో ఏ ఆడియోలు ఉన్నాయో మెనూలో ముందే చూడండి, సబ్‌టైటిల్స్ చదవలేని పిల్లలకి ఇంగ్లిష్‌లో పెడితే అరగంటలో లేచిపోతారు.

థియేటర్లో దీనికి ముందు "బావ్" అనే 8 నిమిషాల చిన్న సినిమా వేసేవాళ్లు. అందులో ఆవిరి కుడుము ప్రాణం పోసుకుని పిల్లాడవుతుంది, వాణ్ణి తల్లి మింగేసే సీను చూసి కొందరు పిల్లలు బెదిరారు. పెద్దవాళ్లలో కొందరికి అర్థం కాలేదు, కొందరు ఏడ్చేశారు. కొడుకు ఇల్లు వదిలి వెళ్తానంటే తల్లి పడే బాధ మనకి వివరించక్కర్లేదు. ఇంట్లో పెట్టుకునేటప్పుడు అది విడిగా ఉంటుంది, పాపకు మీ పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి.

మొదటి భాగం చిన్నపిల్లలకు తేలిక, రెండోది బరువు అని చాలామంది రాస్తున్నారు. నా లెక్కలో లైట్లు పక్కన పెడితే తిరగబడి ఉంది. 2004 సినిమాలో మేడ మీద నుంచి చావాలని దూకే మనిషి ఉన్నాడు, పిల్లలున్న విమానం మీద క్షిపణులు వేస్తారు, విలన్ జెట్ ఇంజిన్లో పడి పోతాడు. రెండోదాంట్లో అసలు విలన్‌ని అరెస్టు చేసి తీసుకెళ్తారు. కథ సరిగ్గా మొదటిది ఆగినచోటే మొదలవుతుంది కాబట్టి వరసలో చూడటమే మంచిది. పాపకు మాత్రం మొదటిదాంట్లో ఆ మూడు చోట్లా మీరు పక్కనుండాలి. బాబుకు డాక్టరు వద్దంటే ఈ రెండోదాని కథ నోటితో చెప్పేయండి. మూడో భాగం తీస్తున్నామని 2024లోనే ప్రకటించారు, అది వచ్చినప్పుడు మొదటి రోజు టికెట్లు తీయకుండా మెరుపుల సంగతి ఏం రాశారో చూసి రెండో వారం వెళ్లండి.