క్లోజరు దగ్గరపడిందండి

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. కొడుకుకు కౌన్సెలింగ్ పిలుపు వచ్చిందని విని, ఇంజనీరింగు సీట్లు వార్డు కౌన్సిలర్ చేతిలో ఉంటాయని నమ్మి, ఆ తల్లి ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆయన అరుగు మీద పొద్దుగూకేదాకా కూర్చున్న ఘట్టం బాగుంది. నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది మాత్రం అది కాదు, నాలుగో పేజీ.

"ఆదివారం ఉదయం చర్చిలో కాయర్ మొదలైంది" అని రాశావు. అంబాజీపేట చుట్టుపక్కల పుట్టిన ఎవరికైనా కాయర్ అంటే కొబ్బరి పీచే. డొక్కలను నెలల తరబడి నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక బాది, పీచు దులిపి, ఆడవాళ్లు తాడు పేనుతుంటే ఆ చుట్టూరా ఆవరించే కుళ్లు నీటి వాసన నీకు తెలియనిది కాదు. నీ వాక్యం చదవగానే నాకు పాట వినిపించలేదు, ఆ వాసనే ముక్కుకు తగిలింది. చర్చిలో పాడే బృందాన్ని ఇంగ్లీషువారు క్వయర్ అంటారు. అది లాటిన్ కోరస్ సంతతి. కాయర్ మలయాళం నుంచి వాళ్ల భాషలోకి వెళ్లిన మాట. ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు.

ఇలాంటి జంటలతో ఇంగ్లీషు రచయితకు లేని చిక్కు మనకు ఒకటుంది. అక్కడ చెవి పొరబడినా కన్ను ఆదుకుంటుంది, ఎందుకంటే ఒకేలా పలికే మాటలకు స్పెల్లింగు వేరుగా ఉంటుంది. మనది పలికినట్టు రాసే లిపి కనుక ఆ తేడా కాస్తా కాగితం మీదికి రాకముందే చెరిగిపోతుంది. కాగితాలూ కలాలూ అమ్మే స్టేషనరీ, కదలకుండా నిలిచి ఉన్నదని చెప్పే స్టేషనరీ మనకు ఒకటే. పిల్లను దత్తత తీసుకున్నా అడాప్ట్ చేసుకున్నారంటాం, నవలను సినిమాకు తగ్గట్టు మార్చుకున్నా అడాప్ట్ చేసుకున్నారంటాం. ఇక లూజు సంగతి మరీ తమాషా. వదులుగా ఉన్నదనే అర్థంలో ఇంగ్లీషువాడు దాన్ని సకారంతో లూస్ అని పలుకుతాడు. పోగొట్టుకోవడాన్ని లూజ్ అంటాడు. మనం చొక్కా లూజుగా ఉందన్నప్పుడల్లా వాడి చెవికి చొక్కా పోగొట్టుకున్నట్టే వినిపిస్తుంది.

దీనికి మందు నిఘంటువును దగ్గర పెట్టుకోవడమే అని నీకు చాలామంది చెబుతారు. నేను చెప్పను. నా పట్టుదల ఒక్కటే: మాట తారుమారైతే ఆ తారుమారు పాత్రదై ఉండాలి, కథకుడిది కాకూడదు. 1775లో షెరిడన్ అనే ఇంగ్లీషు నాటకకర్త తన నాటకంలో మిసెస్ మాలాప్రాప్ అనే ఆవిడను సృష్టించి, ఎలిగేటర్ అనవలసిన చోట ఆవిడ చేత ఎలిగరీ అనిపించాడు. నైలు ఒడ్డున మొసలికి బదులు రూపక కథ వచ్చి కూర్చుంది. ఆ పొరపాటు ఆవిడ నోటిదని ప్రేక్షకుడికి ముందే తెలుసు కనుకనే అక్కడ నవ్వు పుడుతుంది. నీ కథలో ఆ తల్లి తికమక సరిగ్గా అలాంటిదే. పైగా దానికి ఆధారమూ ఉంది: సభ అనే అర్థమున్న కౌన్సిల్‌నూ సలహా అనే అర్థమున్న కౌన్సెల్‌నూ కలిపేసి మన పత్రికలే కౌన్సిలింగ్ అని అచ్చువేస్తుంటే ఆవిడను తప్పుపట్టేదెవరు? కానీ "డాక్టరు ప్రోస్క్రైబ్ చేసిన మందులు" అన్నది నువ్వు, నీ గొంతుతో, వర్ణనలో రాశావు. మందు రాసివ్వడం ప్రిస్క్రైబ్. ప్రోస్క్రైబ్ అంటే నిషేధించడం. నీ డాక్టరు ఏ మందులను నిషేధించాడో వాటినే రోగి బుద్ధిగా మింగాడన్నమాట. రావులపాలెం దారిలో వరిచేలు లగ్జూరియస్‌గా ఉన్నాయనీ రాశావు. అది విలాసవంతమైన హోటలు గదికి చెల్లే మాట. నువ్వు వెతికింది లగ్జూరియంట్ కాబోలు. ఏపుగా ఉన్నాయంటే వెతుకులాటే ఉండేది కాదు. వర్ణనలోకి ఇంత ఇంగ్లీషు దిగుమతి చేస్తే తప్ప కథకు ఈ కాలపు కళ రాదని ఈమధ్య ఎవరు నేర్పుతున్నారో నాకు తెలియదు గానీ, ఆ ఫ్యాషన్ నాకు గిట్టదు.

దిద్దకూడని చోట దిద్దితే ఏమవుతుందో కూడా చెప్పాలి. నా తొలినాళ్ల కథ ఒకదానిలో కాలవ మీద పనిచేసే లస్కరు, దాళ్వా, అంటే రెండో పంట, కోతలు ముగుస్తుండగా, "క్లోజరు దగ్గరపడిందండి" అంటాడు. వేసవిలో కాలవలు కట్టేసి, పూడిక తీసి, లాకులు మరమ్మతు చేసే రోజులనే డెల్టాలో అందరూ క్లోజరు అంటారు. ఒక పత్రిక సంపాదకుడు, పేరెందుకులే, క్లోజరంటే దగ్గరగా అనే కదా, ఒకే అర్థాన్ని రెండుసార్లు చెప్పడమెందుకని మొదటి మాట కొట్టేశాడు. లస్కరు "దగ్గరపడిందండి" అని ఊరుకున్నట్టు అచ్చయింది. ఏం దగ్గరపడిందో తెలియక, ముసలివాడికి చావు ఘడియ వచ్చిందనుకుని జాలిపడుతూ ఉత్తరం రాసిన పాఠకుడూ ఉన్నాడు. మూసివేతకు ఇంగ్లీషులో మన దగ్గర లేని ఒక మెత్తటి జకారం ఉంటుంది, దగ్గరకు సకారం ఉంటుంది. తెలుగులో రెండూ క్లోజరే. ఆ సంపాదకుడికి ఇంగ్లీషు బాగానే వచ్చు. కాలవ గట్టు మీద ఎన్నడూ నడిచి ఎరగడు, అంతే. ఆయన మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవలతోపాటు లాకులూ వచ్చినప్పుడు మనవాళ్లు ఏ పండితుణ్ణీ సంప్రదించలేదు. ఇంగ్లీషులో తలుపుకు వేసేదీ పడవను దాటించేదీ ఒకే మాట. మనవాళ్లు పడవ దాటేదాన్ని లాకు అన్నారు, తలుపుకు తాళాన్నే ఉంచుకున్నారు. నరసాపురంలో ఆడవాళ్లు అల్లేది లేసు, మగవాళ్లు చెరువుకు కట్టేది లీజు. అక్కడ ఆ రెంటినీ కలగాపులగం చేసేవాణ్ణి నేను చూడలేదు. రాజమహేంద్రవరంలో జడ్జిగా పనిచేసిన బ్రౌను దొర, తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు విడిగా ఒక నిఘంటువే 1854లో వేశాడంటే, జనం నోట నలిగిన మాటకు ఎంత విలువ ఇచ్చాడో చూడు.

పోటీకి పంపవచ్చా, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. వాటి సంగతి తరవాత చూద్దాం. ముందు నాలుగో పేజీలో కాయర్‌ను తీసేసి, పాటలు మొదలయ్యాయని రాయి. డాక్టరు వాక్యాన్ని కాంపౌండరు నోట పెట్టి చూడు, బహుశా అక్కడ పండుతుంది. ఆ తల్లి మాటల జోలికి మాత్రం వెళ్లకు, ఎవరు దిద్దమన్నా సరే. తిరగరాసిన ప్రతిని చేతిరాతతోనే పంపు, టైపు చేసిన కాగితాల మీద నా కన్ను నిలవదు.