జలుబు లేకున్నా ముక్కు దిబ్బడా? ముందు చుక్కల సీసా చూడండి

ప్రశ్న: నా వయసు 34. రెండేళ్లుగా ముక్కు దిబ్బడతో బాధపడుతున్నాను. జలుబు లేదు, జ్వరం లేదు. పొద్దున లేవగానే వరసగా తుమ్ములు వస్తాయి. రాత్రి పడుకుంటే ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క మూసుకుపోతుంది. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటే కాసేపట్లోనే తెరుచుకుంటుంది. ఏడాదిగా అవే వాడుతున్నాను. ఇప్పుడు రోజుకు ఐదారుసార్లు వేసుకోకపోతే ఊపిరాడటం లేదు. స్కాన్ తీస్తే ముక్కు దూలం కొంచెం వంకరగా ఉందన్నారు. ఆపరేషన్ చేయించుకోవాలా? మా ఆరేళ్ల బాబు కూడా నోరు తెరిచి నిద్రపోతాడు. వాడికీ ఈ చుక్కలు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ సీసా మీద మందు పేరు చదవండి. జైలోమెటాజొలిన్ అనో, ఆక్సీమెటాజొలిన్ అనో ఉంటే, ఇప్పుడు మీ ముక్కును మూస్తున్నది చాలావరకు ఆ మందే.

ముక్కు లోపల రెండు పక్కలా గోడలకు టర్బినేట్లు అనే మెత్తటి కండలు ఉంటాయి. వాటి నిండా రక్తనాళాలే. అవి రక్తంతో నిండితే కండ ఉబ్బి గాలి దారి ఇరుకవుతుంది, కుంచించుకుంటే తెరుచుకుంటుంది. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొన్ని గంటలకోసారి ఒక పక్క ఉబ్బుతూ, రెండో పక్క తగ్గుతూ ఉంటుంది. మామూలుగా అది మనకు తెలియదు. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువ చేరి ఈ తేడా పెరుగుతుంది, అందుకే ఒత్తిగిలి పడుకున్నప్పుడు కింది పక్క ముక్కు పట్టేస్తుంది. మీకు పక్కలు మారుతున్నాయంటే ఇబ్బంది ప్రధానంగా ఈ కండల వాపులోనే ఉందని అర్థం. కేవలం దూలం వంకర వల్లే అయితే ఎప్పుడూ ఒకే పక్క దిబ్బడగా ఉండేది.

మీరు వేసుకునే చుక్కలు ఆ రక్తనాళాలను గట్టిగా బిగిస్తాయి. మొదట్లో ఒక్కసారి వేసుకుంటే చాలా గంటలు హాయిగా ఉంటుంది. ఐదు రోజులు దాటి వాడుతూ పోతే రక్తనాళాలు మందుకు అలవాటు పడతాయి. ప్రభావం తగ్గగానే ముందుకన్నా ఎక్కువగా ఉబ్బుతాయి. మళ్లీ చుక్కలు, మళ్లీ వాపు. పైగా ఈ మందు కొంత రక్తంలోకి చేరి బీపీని, గుండె దడను పెంచగలదు. కాబట్టి ఈ వారంలోనే ఒకసారి బీపీ చూపించుకోండి.

మానేయడం ఎలా? ఒక్కసారిగా రెండు పక్కలా ఆపితే మొదటి నాలుగైదు రాత్రులు నిద్ర ఉండదు, చాలామంది అక్కడే ఓడిపోయి మళ్లీ సీసా పట్టుకుంటారు. ఒక్కో పక్క మానడం తేలిక. డాక్టర్‌కు చూపించుకుని ఫ్లూటికాసోన్ లేదా మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టండి. పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకోసారి, ఒక్కో పక్క రెండు పఫ్‌లు. అదే రోజు నుంచి ఒక పక్క చుక్కలు పూర్తిగా ఆపేయండి. రెండో పక్క మాత్రం రాత్రి పడుకునే ముందు ఒక్కసారే వేసుకోండి. ఆపిన పక్క తెరుచుకోవడానికి వారం, పది రోజులు పట్టవచ్చు. అది తెరుచుకున్నాక రెండో పక్క కూడా ఆపేయండి. ఆ రోజుల్లో తల కింద ఇంకో దిండు వేసుకుని కాస్త ఎత్తుగా పడుకోండి.

స్ప్రే పనిచేయలేదని చెప్పేవాళ్లలో చాలామంది దాన్ని తప్పుగా కొట్టుకుంటారు. తల వెనక్కి వాల్చకండి, కొద్దిగా ముందుకు వంచండి. ఎడమ ముక్కుకు కుడి చేత్తో, కుడి ముక్కుకు ఎడమ చేత్తో పట్టుకోండి. గొట్టం మొన మధ్యలోని దూలం వైపు కాకుండా అదే పక్క చెవి వైపు ఉండాలి. దూలానికి తగిలేలా కొడితే పుండుపడి రక్తం వస్తుంది. కొట్టాక గట్టిగా ఎగపీల్చకండి, మందు గొంతులోకి జారిపోతుంది. పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాలు పట్టవచ్చు కాబట్టి మూడో రోజే మానేయకండి. స్టెరాయిడ్ కదా అని భయపడనక్కర్లేదు. ఈ రెండు మందులూ రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. కంట్లో గ్లకోమా (నీటికాసులు), శుక్లం ఉంటే మాత్రం డాక్టర్‌కు ముందే చెప్పండి.

స్ప్రేకు పది నిమిషాల ముందు ఉప్పునీటితో ముక్కు కడిగితే మందు బాగా అంటుతుంది. పావు లీటరు నీటికి రెండు గ్రాముల ఉప్పు, అంటే అర టీస్పూన్ కన్నా కాస్త తక్కువ, ఒక చిటికెడు వంటసోడా. కొలత కుదరకపోతే మందుల షాపులో ప్యాకెట్లు దొరుకుతాయి. నీళ్లు మాత్రం కుళాయివో బోరువో నేరుగా వాడకండి, మరిగించి చల్లార్చినవే వాడాలి. కేరళలో వార్తలకెక్కిన మెదడును తినే అమీబా ఒంట్లోకి చేరేది ముక్కు దారినే.

ఇక మొదట్లో దిబ్బడ ఎందుకు వచ్చిందన్నది చూడాలి. పొద్దున వరస తుమ్ములు అలర్జీని సూచిస్తున్నాయి. పరుపు, దిండు, దుప్పట్లలో ఉండే దుమ్ము పురుగులు దీనికి పెద్ద కారణం. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతికించండి. సెట్రిజిన్ లాంటి మాత్రలు తుమ్ములు, దురద తగ్గిస్తాయి గానీ దిబ్బడ మీద అంతగా పనిచేయవు. కొందరికి అలర్జీ లేకపోయినా అగరొత్తుల పొగ, దోమల చక్రం, సెంటు వాసన, ఏసీ చల్లగాలి తగిలితే ముక్కు మూసుకుపోతుంది. థైరాయిడ్ తగ్గడం, గర్భం, కొన్ని బీపీ మందులు, ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ కూడా దిబ్బడ తెప్పిస్తాయి. వాసన తెలియడం బాగా తగ్గిందంటే ముక్కులో పాలిప్స్ (మెత్తటి బుడిపెలు) ఉన్నాయేమో చూడాలి. నొప్పి మాత్రలతో ఆయాసం వచ్చేవాళ్లలో ఈ అనుమానం ఇంకా ఎక్కువ. బామ్‌లు, ఇన్‌హేలర్లలోని మెంథాల్ చల్లదనం తెలిపే నరాలను తట్టి ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, అంతేగానీ లోపలి వాపు తగ్గదు.

దూలం ఎంతో కొంత వంకర లేనివాళ్లు తక్కువ. స్కాన్‌లో కనబడినంత మాత్రాన కోయించుకోనక్కర్లేదు. చుక్కలు మానేసి, స్ప్రేను సరిగ్గా రెండు మూడు నెలలు వాడాక కూడా ఒకే పక్క దిబ్బడ మిగిలితే అప్పుడు ఎండోస్కోపీతో చూసి ఈఎన్‌టీ డాక్టర్ నిర్ణయిస్తారు.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఆగకండి. ఒకే పక్క దిబ్బడతో పాటు రక్తం పడటం, ముఖం తిమ్మిరెక్కడం, ఒకటి రెండుగా కనిపించడం, మెడలో గడ్డ తగలడం. షుగర్ ఉన్నవాళ్లకు ముఖం వాచి, నొప్పితో ముక్కులో నల్లటి పొక్కులు కడితే అది అత్యవసరం. తల వంచగానే ఒక పక్క నుంచి నీళ్లలా కారితే, అదీ తలకు దెబ్బ తగిలాక అయితే, అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

మీ బాబుకు ఆ చుక్కలు వద్దు. జైలోమెటాజొలిన్ అయితే పెద్దలవి 0.1 శాతం. ఆ వయసు పిల్లలకు అవసరమైతే డాక్టర్ 0.05 శాతం రాస్తారు, అదీ ఐదు రోజులు మించకుండా. నోరు తెరిచి నిద్రపోతున్నాడంటే ముక్కు వెనక అడినాయిడ్స్ అనే కండ పెరిగి ఉండవచ్చు. గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీయడం, పిలిస్తే సరిగా వినిపించకపోవడం ఉన్నాయేమో గమనించి ఈఎన్‌టీ డాక్టర్‌కు చెప్పండి. ఒకే పక్క నుంచి దుర్వాసనతో చీమిడి కారుతుంటే ముక్కులో ఏదో దూర్చుకుని ఉంటాడు. అది గుండ్రటి బటన్ బ్యాటరీ అయితే కొన్ని గంటల్లోనే లోపలి పొరను, దూలాన్ని కాల్చేస్తుంది. అలాంటి అనుమానం వస్తే ఏ చుక్కలూ, ఉప్పునీళ్లూ వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.