నాన్నకు డిస్క్ ఆపరేషన్ అయింది, దుబాయ్ ఎడారి సఫారీ ఎక్కించొచ్చా: సమాధానం

అన్నా, జనవరిలో కడప నుంచి అమ్మానాన్నలను తీసుకుపోతాను, డిస్క్ ఆపరేషన్ అయిన నాన్నను సఫారీ జీపు ఎక్కించొచ్చా అని అడిగినావు. దిబ్బల మీద తిప్పే జీపు మాత్రం వద్దే వద్దు. ముందు సీటైనా అంతే. బండి దిబ్బ కొసకెక్కి ఒక్కసారిగా పక్కకు జారుతుంది, ఆ కుదుపంతా వెన్నుపూస మీదే పడుతుంది. నెమ్మదిగా పోనిమ్మంటే కుదరదు, ఊపు తగ్గితే చక్రాలు కూరుకుపోతాయి. మా కణేకల్లు దగ్గర హగరి నది ఇసుకలో ట్రాక్టర్ ఇరుక్కోవడం చూసినవాళ్లకు ఇది బాగా తెలుసు. ఇసుకలోకి దిగేముందు డ్రైవర్ టైర్లలో గాలి సుమారు సగం తీసేస్తాడు. టైరు అడుగున వెడల్పుగా పరుచుకుని, ఇసుకను తవ్వకుండా పైపైన పోతుంది.

బుక్ చేసేటప్పుడే ‘డ్యూన్ బ్యాషింగ్ (దిబ్బల మీద బండి తిప్పడం) లేకుండా నేరుగా ఎడారి క్యాంపుకు’ కుదురుతుందా అని అడుగు. ఒప్పుకుంటే ఆ మాట వాట్సాప్‌లో రాయించుకో, డ్రైవర్‌కు చూపించొచ్చు. నువ్వు, పిల్లలు వేరే బండిలో దిబ్బలెక్కండి, కానీ కడుపు నిండా తిని ఎక్కొద్దు.

ఒంటె సవారీ కూడా నాన్నకు వద్దన్నా. అది లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు ఎత్తుతుంది, మనిషి విసురుగా ముందుకు ఒరుగుతాడు. జనవరి రాత్రి అక్కడ చలి, పెద్దవాళ్లకు స్వెటర్లు పెట్టుకో.